మిరపచెట్టుది ఏ ఊరు?

చిలకలూరిపేటలో ఎన్.ఆర్.టి. సెంటర్‌కి కాస్త ఎడంగా మాకో విత్తనాల కొట్టుంది. పురుగుమందులూ అక్కడే అమ్ముతాం. ముప్పై ఏళ్లు దాటింది ఆ గల్లాపెట్టె వెనక కూర్చుని. పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి ఎవరో ఒకరు బండికి స్టాండ్ వేసి, మెట్టు మీద కూర్చుని ఉంటారు. చేతిలో క్యారీబ్యాగు, అందులో మిరపకొమ్మ. "చూడన్నా, ఏందో ఇది" అంటారు. ఆకు అంచులు పైకి లేచి దోనెలాగుంటే పైముడత, తామరపురుగు పని. అంచులు కిందికి వంగి బోర్లించిన దోనెలాగుంటే కిందిముడత, అది నల్లి. ఇవి కాకుండా మొక్క గిడసబారి, ఆకులు గుబురు కట్టి కూర్చుంటే బొబ్బర. బొబ్బరకి నా దగ్గర మందు లేదు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పడం నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

అంటే మొక్కలతో నా పరిచయమంతా ఆస్పత్రి పరిచయమే. జబ్బు చేస్తే నా దగ్గరికొస్తాయి. బాగున్న మొక్కని నా దగ్గరికి ఎవరు తెస్తారు? యడ్లపాడు చేలల్లో, నాదెండ్ల చేలల్లో పత్తి ఎలాగుంటుందో తెలుసుగానీ, ఆ పత్తి ఎక్కడ పుట్టిందని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

2006లో మా అమ్మాయిని ఇంజినీరింగ్‌లో చేర్చడానికి బెంగళూరు వెళ్లాం. ఫీజు కట్టి, హాస్టల్లో దింపి బయటపడేసరికి పదకొండు. తిరుగు బస్సు రాత్రికి. మా ఆవిడ కళ్లు ఒత్తుకుంటూ కూర్చుంది. ఆటో అతను హిందూపురం వైపు మనిషట, మా వాలకం చూసి, "అమ్మ ఏడుస్తాంది, లాల్‌బాగ్‌లో దింపుతాను, చెట్ల కింద కూర్చోండి" అన్నాడు. మేం బొటానికల్ గార్డెన్‌లో అడుగుపెట్టడం అలా జరిగింది.

లాల్‌బాగ్ 240 ఎకరాలు. 1760లో హైదర్ అలీ మొదలెట్టిన తోట, కొడుకు టిప్పు పెంచాడు. 1889లో కట్టిన గాజుమేడ ఉంది. మూడు వందల కోట్ల ఏళ్ల నాటిదని చెప్పే బండ ఒకటుంది, జనమంతా దాన్నెక్కి ఫొటోలు దిగుతుంటారు. మమ్మల్ని ఆపింది మాత్రం ఒక తెల్లబూరుగ చెట్టు. మొదట్లో వేళ్లు గోడల్లా లేచాయి. వేరుకీ వేరుకీ మధ్య సందులోకి మా ఆవిడ వెళ్లి నిలబడితే నాకు కొంగు చివర తప్ప ఏమీ కనిపించలేదు. పత్తి మండీల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, దిండ్లలో దూదికి బూరుగ వాడతారని తెలుసు. అది ఇంత చెట్టవుతుందని తెలియదు. దాని పక్కన బోర్డు. సీబా పెంటాండ్రా.

"మనలాగే ఇంటిపేరు ముందు రాశారే" అంది మా ఆవిడ.

ఆవిడ పదో తరగతి. బోటనీ చదువుకున్నవాళ్లు ఆ మాటని ఇంత తేలిగ్గా చెప్పడం నేనైతే వినలేదు. 1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ అప్పటికి తనకి తెలిసిన మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు ఖాయం చేశాడు. మొదటి మాట ప్రజాతి, రెండో మాట జాతి అని పుస్తకాల్లో ఉంటుంది. ఇంగ్లీషువాళ్లకి అది తలకిందులుగా కనిపిస్తుంది కాబోలు, వాళ్ల పేర్లలో ఇంటిపేరు వెనకుంటుంది. మనకా ఇబ్బంది లేదు. క్యాప్సికం యాన్యుమ్ అంటే క్యాప్సికం వారి యాన్యుమ్. మన మిరప అదే. గాసిపియం హిర్సూటం అంటే గాసిపియం వారి హిర్సూటం. మన చేలల్లో ఉన్న పత్తి అది. దాని దాయాది గాసిపియం ఆర్బోరియం, మన పాత దేశీపత్తి. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు.

బోర్డు మీద ఆ రెండు మాటల కింద ఇంకో మాట ఉంటుంది, కుటుంబం. దాన్ని నేను గోత్రం అనుకుంటాను. నా వ్యాపారానికి ఎక్కువ పనికొచ్చింది ఈ గోత్రమే. మిరప, వంగ, టమాటా, బంగాళాదుంప, పొగాకు, గట్టు మీద ఉమ్మెత్త, కామంచి, అన్నీ సొలనేసి గోత్రం. పత్తి, బెండ, గోంగూర, పెరట్లో మందారం, డొంకలో తుత్తురుబెండ మాల్వేసి గోత్రం. ఈమధ్య బూరుగని కూడా అందులోనే కలిపారు. సగోత్రీకులకి రోగాలూ పురుగులూ చాలావరకు ఉమ్మడి. పత్తికి పట్టిన పిండినల్లి గట్టు మీది తుత్తురుబెండలో కాపురం ఉంటుంది. చేలో మందు కొట్టి గట్టుని వదిలేస్తే వారం తిరక్కుండా మళ్లీ చేలోకి దిగుతుంది. "మిరప పీకేసిన చేలో ఏం వెయ్యనన్నా?" అని అడిగితే ఇప్పుడు నేను ముందు గోత్రం చూసుకుని చెబుతాను. వంగ వద్దు, మినుమో పెసరో వేసుకో. ఈ సంగతి వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఎప్పటినుంచో ఉంది. నాకు బుర్రకెక్కింది మాత్రం లాల్‌బాగ్‌లో బోర్డులు చదువుకుంటూ నడిచిన ఆ మధ్యాహ్నమే.

ఇక మూడో సంగతి, ఊరు. మన వైపు కొత్త మనిషి కనిపిస్తే మొదటి ప్రశ్న పేరు కాదు, "ఏ ఊరండీ మనది?" అంటాం. మంచి బొటానికల్ గార్డెన్‌లో బోర్డు దానికీ జవాబు చెబుతుంది, ఈ మొక్క పుట్టినిల్లు ఫలానా చోటని. ఆ రోజు నేను చదివిన బోర్డుల్లో సగం నాకు మింగుడు పడలేదు. చింతచెట్టు ఆఫ్రికా! పులిహోర లేకుండా పెళ్లి చెయ్యనివాళ్లం, చింతపండు పరాయిదని ఎలా నమ్ముతాం? బొప్పాయి, జామ, సీతాఫలం అమెరికా ఖండం. సీతమ్మ పేరు పెట్టుకుని మా కొండవీడు కొండ మీద కంపల్లో కాసే సీతాఫలం కూడా ఓడెక్కి వచ్చిందే. ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేస్తే ఇంకా ఉన్నాయి. మా పేటకి అన్నం పెట్టే మిరప మెక్సికో వైపుది. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా, అంటే 1500 ముందు, ఈ దేశంలో మిరపకాయ లేదు. అప్పటిదాకా మన కారం మిరియమే. మిరపకాయ అనే మాటలో మిరియం ఇంకా వినిపిస్తూనే ఉంది. పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు కొండవీట్లో ఎన్ని రుచులు చూశాడో గానీ, గుంటూరు కారం మాత్రం ఎరగడు.

పార్కుకీ బొటానికల్ గార్డెన్‌కీ తేడా ఏంటని మా కొట్టు దగ్గర కుర్రాళ్లు అడుగుతారు. పార్కులో చెట్టు నీడ కోసం. ఇక్కడ చెట్టుకో ఖాతా ఉంటుంది. ఎక్కడి విత్తనం, ఎవరు పంపారు, ఏ ఏడు నాటారు అన్నీ పుస్తకంలో రాసుంటాయి. చాలా తోటల్లో ఆ ఖాతా నంబరు బోర్డు మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది కూడా. పక్కనే హెర్బేరియం అని ఒక గది, ఎండబెట్టిన కొమ్మల్ని కాగితాలకి అంటించి దాచే చోటు. నూరేళ్ల కిందటి కొమ్మని ఇవాళ్టి కొమ్మతో పోల్చి చూసుకోవచ్చు. ఇటలీలో పీసా, పాడువా ఊళ్లలో 1540ల నుంచి ఇలాంటి తోటలున్నాయి, వైద్యం చదివే పిల్లలకి మందుమొక్కలు చూపించడానికి పెట్టినవి. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మూడు వేలకు తక్కువ ఉండవు.

కానీ వీటిలో చాలావాటి అసలు పని చదువు కాదు. అది నాకు సింగపూర్‌లో తెలిసింది. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేసేటప్పుడు వెళ్లాం. 1859లో పెట్టిన తోట, ఆర్కిడ్ల తోటకి తప్ప టిక్కెట్టు లేదు, అది నాకు బాగా నచ్చింది. బ్రెజిల్ అడవుల రబ్బరు విత్తనాల్ని 1876లో లండన్ క్యూ గార్డెన్‌కి తరలించి మొలకెత్తించారు. మరుసటేడు 22 మొక్కలు సింగపూర్ చేరాయి. అక్కడి తోట డైరెక్టరు రిడ్లీ చెట్టు చావకుండా పాలు గీసే పద్ధతి కనిపెట్టి, జేబుల్లో గింజలు వేసుకుని కనిపించిన ప్రతి తోట యజమాని దగ్గరికీ వెళ్లేవాడట. చదివి నవ్వుకున్నాను. కొత్త వంగడం వచ్చిన ఏడు నేను చేసే పని అదేగా! ఈ తోటలు దొరల విత్తనాల కొట్లు. రాజ్యం ఎంతమేర ఉంటే అంతమేర సరఫరా.

మన దేశంలో ఆ కొట్లలో పెద్దది కలకత్తాది.

2018 జనవరిలో మా ఆవిడ కాశీ అంది, నేను కలకత్తా అన్నాను. కలకత్తాలో కాళీఘాట్ ఉందని ఒప్పించాను. గుంటూరులో ఫలక్‌నుమా ఎక్కాం. ఆ రైలే ఎందుకంటే సరాసరి హౌరా తీసుకెళుతుంది. ఇంకో కారణం నేను ఆవిడకి చెప్పలేదు. దారిలో సామర్లకోట తగులుతుంది.

సామర్లకోట స్టేషన్ దాటుతుంటే కిటికీ దగ్గరికి లాగి చూపించాను. "ఏముంది, చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు" అంది. నిజమే, చూడ్డానికి ఏమీ లేదు. కానీ 1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ పటాలానికి వైద్యుడిగా ఇక్కడికే వచ్చాడు. సైనికుల జ్వరాలు చూడగా మిగిలిన పొద్దంతా మొక్కలే. ఇక్కడే తోట వేశాడు. మిరియాల తీగలు, కాఫీ, దాల్చిన, నీలిమందు, పట్టుపురుగుల కోసం మల్బరీ, ఏది ఈ నేలకి పడుతుందో వేసి చూశాడు. 1789 తర్వాత సర్కారు జిల్లాల్లో ఘోరమైన కరువొచ్చి జనం రాలిపోతుంటే, వాన లేకపోయినా ఆగే చెట్లు పెంచమని పైవాళ్లకి రాశాడు. కొబ్బరి, తాటి, ఈత, పనస, అరటి కాలవగట్ల మీద వెయ్యమన్నాడు. పంట పోయినా చెట్టు ఎంతోకొంత తిండి ఇస్తుందని ఆయన లెక్క.

ఆయనకి ముందు దారి చూపినవాడు కోనిగ్ అని ఇంకొకాయన. లిన్నేయస్ దగ్గర చదువుకుని తరంగంబాడి వచ్చి, దక్షిణాదంతా మొక్కల కోసం తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయాడు. ఆఖరి రోజుల్లో వైద్యం చేసింది రాక్స్‌బర్గే. ఈ కోనిగ్ గారిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

రాక్స్‌బర్గ్ చేసిన పనుల్లో నన్ను కట్టిపడేసింది ఒకటుంది. మొక్క కనిపిస్తే ఊళ్లోవాళ్లని పేరడిగేవాడు. 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయిన ఆయన కోరమాండల్ మొక్కల పుస్తకంలో 300 రంగుల బొమ్మలున్నాయి. లాటిన్ పేరు పక్కన తెలింగ పేరని మన పేరూ ఇస్తాడు. కొన్నిచోట్ల తెలుగు పేరునే లాటిన్‌లో కలిపేశాడు. సండ్రచెట్టుకి మైమోసా సండ్రా అని పెట్టాడు. నల్లమల, శేషాచలం కొండల తంబుగ చెట్టు షోరియా తంబుగ్గాయ అయింది. సోమిద చెట్టు బెరడు జ్వరానికి సింకోనా బదులు పనికొస్తుందని దాని మీద విడిగా ఒక రచనే చేశాడు. తర్వాతివాళ్లు ఆ చెట్టుకి సోయ్మిడా అనే తెలుగు ఇంటిపేరే ఖాయం చేశారు. ఏ ఊళ్లోనో గొడ్లు కాసుకునే మనిషి "అది సోమిద దొరా" అనుంటాడు. ఆ మాట ఇవాళ ప్రపంచంలో ఏ మూల హెర్బేరియంకి వెళ్లినా ఆ కొమ్మ కాగితం మీద ఉంటుంది.

ఆ పుస్తకంలో ఇండుప చెట్టు కూడా ఉంది. దాని గింజని మట్టికుండ లోపలి గోడకి కాసేపు అరగదీసి, బురదనీళ్లు పోసి వదిలితే మడ్డి అడుక్కి దిగి నీళ్లు తేరుకుంటాయని వివరంగా రాశాడు. ఇది చదువుతుంటే మా నాయనమ్మ కళ్ల ముందు కనిపించింది. సాగర్ కాలవ రాకముందు మా వైపు చాలా ఊళ్లకి చెరువు నీళ్లే తాగునీళ్లు. ఎండాకాలంలో కాఫీరంగు తిరిగేవి. నాయనమ్మ బిందె తెచ్చి వసారాలో దించి, కుండలో చెయ్యి పెట్టి గిరగిరా రుద్దేది. ఆ గరగర శబ్దం నాకింకా చెవుల్లో ఉంది. ఆ గింజ కొంగున కట్టుకునే ఉండేది. విచిత్రమేంటంటే, ఇండుపా విషపు ముష్టీ ఒకే ఇంటిపేరువాళ్లు, ఇద్దరూ స్ట్రిక్నోస్ వారే. ఒకడు ప్రాణం తీస్తాడు, ఇంకొకడు నీళ్లు తేరుస్తాడు. ఏ ఇంట్లో లేదు ఈ తేడా!

ఆ బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. రాక్స్‌బర్గ్ గీయించిన బొమ్మలు మొత్తం రెండున్నర వేల దాకా ఉన్నాయి, ఒక వరస కలకత్తాలో, ఒక వరస క్యూలో. గీసినవాళ్ల పేర్లు ఆ పుస్తకం మీద లేవు. మొక్కకి ఇంటిపేరు, పేరు, ఊరు మూడూ రాసినవాళ్లు గీసిన చేతికి ఒక్కటీ రాయలేదు. ఈ కోపం నాకు తగ్గదు.

1793లో రాక్స్‌బర్గ్‌ని కలకత్తా తోటకి మార్చారు. రాబర్ట్ కిడ్ అనే సైన్యాధికారి 1787లో హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్‌లో పెట్టిన తోట అది. వింతమొక్కలు పోగుచేయడానికి కాదు, లాభమిచ్చే మొక్కల్ని నారుపోసి పంచడానికి తోట కావాలని కిడ్ మొదట్లోనే కంపెనీకి రాసుకున్నాడు. చూశారా, విత్తనాల కొట్టే. 2009 నుంచి దానికి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు. హౌరాలో బస్సులవాళ్లకి ఈ పేర్లేవీ అక్కర్లేదు, "బి గార్డెన్, బి గార్డెన్" అని అరుస్తుంటారు.

దాదాపు 270 ఎకరాలు. పొద్దున తొమ్మిదింటికి పొగమంచు ఇంకా నది మీద నుంచి లేవలేదు. అందరూ వెళ్లేది మర్రి దగ్గరికే, మేమూ వెళ్లాం. రెండు వందల యాభై ఏళ్లు దాటిన చెట్టు. మూడున్నర ఎకరాలకు పైగా పాకింది. చుట్టూ రోడ్డు వేస్తే ఆ రోడ్డునీ దాటి బయటికొచ్చింది. మా ఆవిడ ఊడల మధ్య చూసి చూసి, "మొదలేదండీ?" అంది. మొదలు లేదు. 1860ల్లో రెండు తుఫాన్లు కొట్టి, బూజు పట్టి కుళ్లిపోతే 1925లో మాను తీసేశారు. అప్పటినుంచి ఊడల మీదే బతుకుతోంది. మూడు వేలకు పైబడిన ఊడలు, ఏది చెట్టో ఏది ఊడో చెప్పలేం. "మా పుట్టింటిలా ఉంది" అంది ఆవిడ. ఆరుగురు అన్నదమ్ములు, పెద్దాయన పోయి ఇరవై ఏళ్లు, ఇల్లు మాత్రం అలాగే నడుస్తోంది. 2020లో ఆంఫన్ తుఫాను వచ్చినప్పుడు ఈ మర్రికీ దెబ్బ తగిలిందని పేపర్లో చదివి, ముందు ఆవిడకే చెప్పాను. విస్తీర్ణంలో మన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దీనికేమీ తీసిపోదు, 1989లో గిన్నిస్‌కెక్కింది. అంత దూరం పోకుండా అదైనా చూసి రండి.

నాకు మర్రి కన్నా నచ్చింది పిచ్చిచెట్టు. అక్కడివాళ్లు పిలిచే పేరే అది. కింద రాలిన ఆకులు ఏరి చెప్పుల పక్కన వరసగా పేర్చాను. ఒకటి నిండుగా గుండ్రంగా, ఒకటి చీలి, ఒకటి సగం కొరికేసినట్టు, ఏ రెండూ ఒకలా లేవు. ముప్పై ఏళ్లుగా ఆకు చూసి రోగం చెబుతున్నవాణ్ణి! ఈ ఆకు ఎవరైనా క్యారీబ్యాగులో తెస్తే నాలుగు రకాల మందు రాసిచ్చి ఉండేవాణ్ణి. ఏ రోగమూ లేదు దానికి, దాని తీరే అంత.

తోటల్ని పొగడ్డం ఇక్కడ ఆపాలి. లాంటానా అమెరికా ఖండపు పూలమొక్క. అందంగా ఉందని 1800ల మొదట్లో కలకత్తా తోటలో పెంచారు. పిట్టలు గింజలు తిని దేశమంతా చల్లాయి. ఇప్పుడు మన కొండల్లో, అడవుల్లో గడ్డి మొలవనీయకుండా కంపై కూర్చుంది, గొడ్డు తింటే జబ్బు చేస్తుంది. ఊరు మారిన మొక్కకి పుట్టినింట్లో ఉన్న శత్రువులు కొత్తచోట ఉండరు, అదుపు తప్పుతుంది. పురుగూ అంతే. 2021 మిరప పంటని మా కొట్టు మర్చిపోలేదు. పూలు దులిపితే అరచేతిలో నల్ల పేలు రాలినట్టు రాలేది తామరపురుగు. మనం ఎరిగిన పాత తామరపురుగు కాదు, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన వేరే రకం. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఆరేళ్లకి మా మిరపపూలలో దిగింది. ఉన్న మందులన్నీ కొట్టారు, నేనే అమ్మాను, ఆగలేదు. పూత రాలిపోయి, నిలువునా చేలు దున్నేసినవాళ్లున్నారు. ఆ ఏడు అప్పు ఖాతాల్లో కొన్ని పేజీలు నేను ఇప్పటికీ తిప్పను. అందుకే బయటి దేశం నుంచి చిన్న మొక్క, గుప్పెడు గింజలు సంచిలో వేసుకురావద్దని, తనిఖీ లేకుండా రానివ్వద్దని చట్టాలున్నాయి. సింగపూర్ నుంచి వస్తూ మా ఆవిడ ఏదో తీగ ముక్క తడిబట్టలో చుడితే విమానాశ్రయంలోనే పారేయించాను. రెండు రోజులు మాట్లాడలేదు.

నేనూ తప్పు చేశాను. ఊరు చెప్పను, ఒక తోటలో ఎవరూ చూడట్లేదని ఎండుకాయ ఒకటి జేబులో వేసుకున్నాను. వెనకనుంచి మాలీ వచ్చాడు. పెద్దాయన, తిట్టలేదు. "మీలాంటోళ్లు రోజుకి వెయ్యి మంది వస్తారు సార్" అన్నాడు, అంతే. కాయ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆ తర్వాత గంటసేపు ఆయనే నన్ను తిప్పి చూపించాడు. ఒక చెట్టు బోర్డు పక్క చెట్టుకి మారిపోయి మూడేళ్లయిందని, చెప్పినా ఎవరూ మార్చలేదని కూడా చెప్పాడు. బోర్డులో రాయని సంగతులు మాలీల దగ్గర ఉంటాయి. ముందు మంచినీళ్లో టీయో ఇచ్చి, తర్వాత అడగండి.

మన వైపువాళ్లు ఎక్కువగా వెళ్లేది ఊటీ. 1848లో మొదలైన తోట అది. పచ్చిక మీద ఫొటో దిగి చాకొలెట్లు కొనుక్కుని వచ్చేస్తారు. అక్కడే రెండు కోట్ల ఏళ్ల కిందటి చెట్టుమాను రాయిగా మారి పడుంది, దాని పక్కనుంచే నడిచిపోతారు. అరకులో పద్మాపురం తోట 1942లో యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి వేసింది. ఇప్పుడు పిల్లల రైలు తిరుగుతోంది, పిల్లలతో వెళ్లడానికి బాగుంటుంది. హైదరాబాద్‌లో కొండాపూర్ దగ్గర కోట్ల విజయభాస్కరరెడ్డి పేరున ఉన్నది చూడాల్సిందే. మందుమొక్కలు, వెదుళ్లు, కలపచెట్లు, నీటిమొక్కలు విడివిడిగా పెంచారు, చుట్టూ ఐటీ అద్దాల మేడలు. మా ఊరికి దగ్గర్లో అలాంటిది లేదు. మిరప మటుకు గుంటూరు పక్కన లాం ఫారమే నాకు బొటానికల్ గార్డెన్. రకానికో వరస, వరసకో చీటీ. రైతులకి మేళా పెట్టిన రోజు వెళ్లి చూడండి, మిరపకాయ ఎన్ని రకాల పొడవు, ఎన్ని రకాల ఎరుపు ఉంటుందో.

వెళితే పొద్దున్నే వెళ్లండి. లాల్‌బాగ్‌కి జనవరి 26, ఆగస్టు 15 పూలపండగల రోజుల్లో వెళితే మనుషుల్ని చూసి రావాలి. తోటంతా ఒక్క రోజులో చుట్టేయాలనుకోకండి. నేను పది చెట్లు చూస్తాను, పది బోర్డులు పాకెట్ డైరీలో రాసుకుంటాను. అంతకు మించితే ఏదీ గుర్తుండదు. లాటిన్ నోరు తిరక్కపోతే ఇంటిపేరు ఒక్కటే రాసుకోండి.

పోయిన వేసవి సెలవుల్లో మనవడు బెంగళూరు నుంచి వచ్చాడు, తొమ్మిదేళ్లు. వాడికి ఫోను తప్ప పని లేదు. ఒక విత్తనాల కంపెనీ ఎప్పుడో ఇచ్చిన రేకుబోర్డు దొడ్లో పడుంటే, జానెడు ముక్కలు కోయించి, తెల్లరంగు వేయించి, "మన పెరడుకి బోర్డులు రాద్దాం రా" అన్నాను. వాడు రాస్తాడు, నేను చెబుతాను. జామ, ఊరు అమెరికా. బొప్పాయి, అమెరికా. సీతాఫలం, అమెరికా. కుండీలో మిరపమొక్క, అదీ అమెరికా. బిళ్లగన్నేరు మాత్రం మడగాస్కర్. "తాతయ్యా, అన్నీ అమెరికానేనా!" అన్నాడు. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ, "మన పిల్లలంతా అక్కడికి పోతిరి, వాళ్ల చెట్లన్నీ ఇక్కడికొచ్చె" అంది.

చివరికి బావి పక్కన కరివేపాకు చెట్టు మిగిలింది. చెప్పాను కదా, కోనిగ్ గారితో పని పడుతుందని. లిన్నేయస్ తన శిష్యుడి పేరు ఈ చెట్టుకే పెట్టాడు. బెర్గెరా కోనిగీ, బెర్గెరా వారి కోనిగీ. కాకినాడలో పోయిన మనిషి రోజూ మన చారులో తేలుతున్నాడు. మనవడు వంకర అక్షరాల్లో పేరంతా రాసి, "ఊరు?" అన్నాడు.

"ఇదే" అన్నాను.

"ఇదే అంటే చిలకలూరిపేటా?"

ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. ఇంతలో మా ఆవిడ వచ్చి, రంగు ఆరని ఆ బోర్డుని రెండు వేళ్లతో పక్కకి జరిపి, నాలుగు రెబ్బలు తుంచుకుని, పోపు మాడిపోతోందంటూ లోపలికి వెళ్లిపోయింది.